వెనక సీటు కోసం కొనే బండిలో ముందు సీటు

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర కుడివైపు తిరగడానికి ఇండికేటర్ వేయబోయి బండిని న్యూట్రల్‌లోకి నెట్టాను. ఇరవై రెండేళ్లుగా కారు నడుపుతున్న నా కుడిచేతికి ఇండికేటర్ కడ్డీ స్టీరింగుకు కుడిపక్కనే ఉంటుందని బాగా అలవాటైపోయింది. మెర్సిడెస్ బెంజ్ కార్లలో ఆ చోట ఉండేది గేరు కడ్డీ. ఇండికేటరూ వైపరూ కలిసి ఎడమపక్క కడ్డీలో ఉంటాయి. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను చప్పుడు పెరిగిందే గానీ బండి ముందుకు లాగలేదు. వెనకున్న ఆటోలు హారన్లు మొదలుపెట్టాయి. అప్పుడు వెనక సీట్లోంచి నాయన నిదానంగా, ‘న్యూట్రల్‌లో పడిందిరా, తొందర పడొద్దు, బ్రేకు మీద కాలుపెట్టి మళ్లా ఎయ్యి’ అన్నాడు. డ్యాష్‌బోర్డు మీది అక్షరం ఆయనకు కనపడదు. చప్పుడు విని చెప్పాడంతే.

ఆ కారు మాది కాదు, బెంగళూరులో స్థిరపడిన మా బావది. పాత ఇంటి మరమ్మతుల కోసం అతను వారం రోజులకని వచ్చి మా ఇంట్లో దిగాడు. నాయన చిన్ననాటి స్నేహితుడి మనవరాలి పెళ్లి అదే వారంలో కర్నూలులో పడింది. నాయనకు 76 ఏళ్లు. నడుము ఎముకల మధ్య డిస్కు అరిగి నాలుగేళ్లయింది. బస్సు ఎక్కడం మానేశాడు, మా చిన్న కారులోనూ గంట దాటితే కూర్చోలేడు. పెళ్లికి పోలేనని ఫోనులో చెబుతుండగా బావ విని, తాళంచెవి నా చేతిలో పెట్టి, ‘మామను దీంట్లో పిలుచుకొని పో, ఆయన ఎట్లా కూర్చుంటాడో చూద్దాం’ అన్నాడు. నేను ఖరీదైన కారు నడపడం అదే మొదటిసారి. కర్నూలుకు పోనూ రానూ సుమారు 300 కిలోమీటర్లు నడిపిన ఆ పగలు నాకు తెలిసివచ్చిన సంగతులను మరచిపోకముందే రాసిపెట్టుకోవాలని ఇది రాస్తున్నాను.

నాయన గురించి ఒక మాట ముందే చెప్పాలి. ఆయన 31 ఏళ్లు అంబాసిడర్ కార్లు నడిపాడు, అవన్నీ ఇతరుల కార్లే. ఈ కర్నూలు రోడ్డు ఏడో నంబరు జాతీయ రహదారిగా ఉండి, ఎదురుగా లారీ వస్తే ఒక పక్క చక్రాలు మట్టిలోకి దించాల్సివచ్చిన రోజుల్లో ఆయన ఇదే దారిన కొన్ని వందలసార్లు తిరిగాడు. 2010లో నంబర్లు మార్చినప్పుడు అదే రోడ్డు 44వ నంబరు అయింది. ఆయన నోటికి మాత్రం అది ఇప్పటికీ ‘సెవెన్’. బండి గురించి ఆయన మాట నాకు ఏ పత్రిక సమీక్షకన్నా ఎక్కువ. అందుకే ఈ రాతలో ఆయన మాటలు ఎక్కువగా వస్తాయి.

బావది 2019లో కొన్న మెర్సిడెస్ ఇ-క్లాస్, డీజిలు రకం, ఇ 220డి. ఈ కారుకు మన దేశంలో ఉన్న రూపం ప్రపంచమంతటా దొరకదు. 2017 ఫిబ్రవరిలో ఆ కంపెనీ ఇక్కడ పొడవు పెంచిన ఇ-క్లాస్‌ను తెచ్చింది. ముందు చక్రాల ఇరుసుకూ వెనక చక్రాల ఇరుసుకూ మధ్య దూరం మామూలు దానిలో 2,939 మిల్లీమీటర్లయితే అప్పుడు మనకు అమ్మినదానిలో 3,079. పెరిగిన ఆ 140 మిల్లీమీటర్లూ వెనక కూర్చునేవారి మోకాళ్ల ముందుకే పోయాయి. పుణె దగ్గరి చాకన్‌లో బిగించే ఈ కారు కొనేవారిలో ఎక్కువమంది డ్రైవరును పెట్టుకొని తాము వెనక కూర్చునేవారే అన్నది కంపెనీకి తెలుసు. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త తరం ఇ-క్లాస్‌లో ఆ దూరాన్ని ఇంకా పెంచి 3,094 చేశారు. బావ బండిలో వెనక సీటు బటన్ నొక్కితే వాలుతుంది, ముందున్న ఎడమ సీటును వెనకనుంచే ముందుకు జరపవచ్చు, కిటికీలకు తెరలున్నాయి. మన ఊళ్లలో ఈ బండిని పొగిడేవారంతా ముందు వెనక తలుపు తీసి చూపిస్తారు. నేనూ అదే చేశాను. నాయనను వెనక కూర్చోబెట్టి, సీటు వాల్చి, ముందు సీటును జరిపాను. ఆయన కాళ్లు చాపుకొని ఏమీ అనలేదు. ఆయన అంబాసిడర్‌లో ఇరుసుల మధ్య దూరం 2,464 మిల్లీమీటర్లు. దీనికీ దానికీ రెండడుగుల పైచిలుకు తేడా. ఆ రెండడుగులు ఆయన కాళ్ల ముందు ఖాళీగా కనిపిస్తున్నాయి.

ముందు సీటు సంగతి ఎవరూ చెప్పరు. నేను తెలుసుకున్నది అదే. డ్రైవర్ తలుపు మీద, చెయ్యి సహజంగా చేరే ఎత్తులో, సీటు ఆకారంలోనే ఒక చిన్న బొమ్మలాంటి స్విచ్చు ఉంటుంది. బొమ్మలోని కూర్చునే పలకను పైకి నొక్కితే మన కింది సీటు పైకి లేస్తుంది, వీపు పలకను వెనక్కి తోస్తే వీపు వాలుతుంది, తల పలకను లాగితే తలదిండు కదులుతుంది. చదువు రాని మనిషి కూడా ఒక్కసారి తాకి నేర్చుకోగలడు. దాని పక్కనే 1, 2, 3 అని మూడు బటన్లు. ఎవరు ఎట్లా కూర్చుంటారో ఆ తీరు ఒక్కొక్కటి అందులో దాచుకోవచ్చు. ఒకటో నంబరు బావది, రెండోది వాళ్ల డ్రైవరుది. నేను మూడోదాన్ని ముట్టుకోకుండా చేత్తోనే సర్దుకున్నాను. నడుము ఒంపును నింపే ఉబ్బు కూడా సీటులోనే ఉంది. దాన్ని నా నడుముకు సరిపెట్టుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది, ఆ తర్వాత కర్నూలు చేరేదాకా మళ్లీ నడుమన్నది ఒకటి ఉందని గుర్తు రాలేదు.

హైవే ఎక్కాక తొలి ఆశ్చర్యం చప్పుడు. అంటే చప్పుడు లేకపోవడం. నాయనకు కుడి చెవి సరిగా వినపడదు, మా కారులో మాట్లాడాలంటే నేను గొంతు పెంచాలి, పెంచినకొద్దీ అది కోప్పడినట్టు ధ్వనిస్తుంది, కాబట్టి మేమిద్దరం కారులో మాట్లాడుకోవడమే తక్కువ. ఈ బండి 90లో పోతుండగా ఆయన వెనకనుంచి ఇంట్లో మాట్లాడే గొంతుతో ‘గార్లదిన్నె దాటినామా?’ అని అడిగితే, నేనూ అదే గొంతుతో దాటామన్నాను. ఆయనకు వినపడింది. ఆ తర్వాత కర్నూలు వరకూ ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు.

ఆయన మొదట చేసిన పని గేర్లు లెక్కపెట్టడం. అంబాసిడర్‌కు నాలుగు గేర్లు. ఆయన నడిపిన పాత బండ్లలో గేరు కడ్డీ నేలమీద కాకుండా స్టీరింగు పక్కనే, ఎడమవైపు ఉండేది. ఈ బండికి తొమ్మిది గేర్లు, అవి తమంతట తామే మారతాయి. మొదటి మూడూ విని పట్టుకున్నాడు, నాలుగోది అనుమానంగా చెప్పాడు, ఆ పైన లెక్క తప్పింది. ‘ఎప్పుడు పడుతుందో తెలీకుండా పడుతుండాది’ అన్నాడు. ఆ మాటలో ఒక పనివాడు ఇంకో పనివాడి చేతిపనిని చూసి అనే గౌరవం ఉంది. గేర్లు అన్ని పెట్టడంలో ఉద్దేశం, ఇంజను ఎప్పుడూ తనకు హాయిగా ఉన్న వేగంలోనే తిరగాలని. మన చట్టం నాలుగు వరుసల రహదారి మీద కార్లకు అనుమతించిన 100 కిలోమీటర్ల వేగం దగ్గర ఈ ఇంజను నిమిషానికి 1,500 చుట్లు కూడా దాటలేదు. 1,950 సీసీల ఆ నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజను శక్తి 194 హార్స్‌పవర్. అంతకన్నా ముఖ్యమైన సంగతి, దాని 400 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే తిప్పే బలం, మొత్తం 1,600 చుట్ల దగ్గరే చేతికందడం. దీని అర్థం పామిడి దాటాక తెలిసింది. తాడిపత్రి బండలు నింపుకున్న రెండు లారీలు పక్కపక్కనే, ఒకదాన్నొకటి దాటాలని చూస్తూ, రెండు వరుసలూ ఆక్రమించి పోతున్నాయి. కుడి లారీ ఎడమకు సర్దుకున్నాక నా కారులోనైతే గేరు తగ్గించి, ఇంజనును అరిపించి, శ్వాస బిగబట్టి దాటాలి. ఇందులో కాలి బొటనవేలు కొంచెం నొక్కితే చాలు, లారీ పక్కనుంచి అద్దంలోకి జరిగిపోయింది. దాటిన వెంటనే కాలు తీసేయాలనిపించింది. అవసరానికి మించి ఒక్క క్షణం కూడా పరుగెత్తించాలని అనిపించలేదు. శక్తి ఉన్న బండి మనిషిని తొందరపెడుతుందని అనుకుంటూ వచ్చాను. నాకు జరిగింది మాత్రం అందుకు విరుద్ధం. దాటగలనో లేదో అన్న సందేహమే రోడ్డు మీద మనచేత తొందర పనులు చేయిస్తుందని, ఆ సందేహం లేనప్పుడు వేచి ఉండడం సులువని, కాసేపల్లి టోల్‌గేటు చేరేలోపల నాకు నమ్మకం కుదిరింది.

గుత్తి దాటి ప్యాపిలి వైపు రోడ్డు ఎత్తుపల్లాలుగా, వంపులు తిరుగుతూ పోతుంది. ఈ చోటనే సెడాన్ అనే ఆకారానికి, అంటే వెనక డిక్కీ విడిగా ఉండి నేలకు దగ్గరగా ఉండే కారుకు, ఉన్న విలువ తెలుస్తుంది. ఇప్పుడు అందరి చూపూ ఎత్తు బండ్ల మీదనే ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడినుంచి వచ్చి మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే సెల్టోస్, సోనెట్, కారెన్స్‌లలో ఒక్కటీ సెడాన్ కాదు. ఎత్తున కూర్చుంటే దూరం కనపడుతుందన్నది నిజమే, గుంతల రోడ్లకు ఎత్తు అవసరమన్నదీ నిజమే. కానీ బరువు నేలకు దగ్గరగా ఉన్న బండి వంపులో పక్కకు ఒరిగేది తక్కువ; ఒరగని బండిలో లోపలి మనిషి తన నడుమునూ మెడనూ బిగించి నిలదొక్కుకోవలసిన పని ఉండదు. గంటసేపట్లో ఆ చిన్న చిన్న బిగింపులు ఎన్ని తప్పుతాయో నడుము నొప్పి ఉన్నవాడికి తెలుస్తుంది. ప్యాపిలి వంపుల్లో అద్దంలో నాయన ముఖాన్ని రెండుమూడుసార్లు చూశాను. మా కారులో అయితే ఆయన కుడిచెయ్యి పైన పిడిని పట్టుకొని ఉంటుంది. ఆ రోజు రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి.

పొడవు వల్ల కలిగే సుఖం కూడా ఇట్లాంటిదే. ముందు చక్రం గతుకును దాటాక వెనక చక్రం దాన్ని చేరేందుకు ఎక్కువ సమయం పడుతుంది, బండి ముందుకూ వెనక్కూ ఉయ్యాలలాగా ఊగడం తగ్గుతుంది. బ్రిడ్జి అతుకుల దగ్గర మా కారు రెండుసార్లు తల ఊపుతుంది. ఇది అతుకును చక్రం కింద ఒక మెత్తని చప్పుడుగా మాత్రమే తెలియజేసి ఊరుకుంది.

అయితే ఆ పొడవే డోన్ దగ్గర పట్టుకుంది. నాయనకు మాత్ర వేసుకోవడానికి నీళ్లు కావాలని హైవే దిగి సర్వీసు రోడ్డులోకి మళ్లాను. అక్కడ ఎవరు వేశారో తెలియని ఒక స్పీడ్ బ్రేకరు ఉంది. రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమం ప్రకారం స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అంటే కారు దాని మీదికి మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. ఇది మోకాలి దగ్గర మడిచిన కాలులాగా ఇరుకుగా, నిటారుగా లేచి ఉంది. ముందు చక్రాలు దిగాయి, వెనక చక్రాలు ఇంకా ఎక్కలేదు, నడిమధ్య పొట్ట దానికి ఒరుసుకొని కరకరమంది. ఇరుసుల మధ్య దూరం పెరిగినకొద్దీ ఇట్లాంటి గుట్ట నడుమను తాకే అవకాశం పెరుగుతుంది. రహదారి మీద సుఖమిచ్చిన 140 మిల్లీమీటర్లే ఇక్కడ అడ్డం పడ్డాయి. నా గుండె ఆగినంత పనైంది, ఇంకొకరి బండి కదా. నాయన దిగి, నడుము నొప్పి ఉన్నదన్న సంగతే మరచి, చేయి నేలకు ఆనించి వంగి కింద చూశాడు. ‘ప్లాస్టిక్కు కవరుకు గీత పడింది, నూనె కారడంలేదు, పోదాం’ అన్నాడు. రెండో గుట్టను దాటేటప్పుడు బయటే నిలబడి, చేత్తో సైగలు చేస్తూ, బండిని కోసుగా, ఒక్కొక్క చక్రం ఒక్కోసారి ఎక్కేటట్టు నాచేత దాటించాడు. ఊళ్లలోని రోడ్లను ఇట్లా వదిలేసి, దాటలేని బండినే తప్పుపట్టడం న్యాయం కాదని నాకు గట్టిగా అనిపించింది. అంబులెన్సులో పడుకున్న రోగి కూడా ఆ గుట్టనే దాటాలి.

దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ నాయన పడిన ఇబ్బంది కూడా దాచకూడదు. సీటు నేలకు దగ్గరగా ఉంటుంది. మోకాళ్లు మడిచి కిందికి కూర్చోవాలి, లేచేటప్పుడు తలుపును ఆసరా చేసుకోవాలి. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇట్లాంటి బండి కొనాలనుకునేవారు కూర్చున్నాక కలిగే సుఖంతో పాటు లేచి నిలబడడాన్ని కూడా పదిసార్లు చేసి చూసుకోవాలి.

పెళ్లిలో నాయన మూడు గంటలు కుర్చీలో కూర్చున్నాడు. స్నేహితులిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు.

తిరుగు ప్రయాణంలో ఆయన వెనక కూర్చోనన్నాడు. ముందు ఎడమ సీట్లో కూర్చొని, వెల్దుర్తి దాటేదాకా డ్యాష్‌బోర్డు తెరను చూస్తూ ఒక్కొక్కదాని పేరూ అడిగాడు. అందులో ఒక పేజీలో మనం ఆగకుండా ఎంతసేపటినుంచి నడుపుతున్నామో, మన ధ్యాస ఎంత నిలకడగా ఉందో ఒక గీతలా చూపిస్తుంది. ఇది 2009లో వచ్చిన ఇ-క్లాస్‌తో మొదలైన ఏర్పాటు. అలిసిపోయిన డ్రైవరు స్టీరింగును కాసేపు వదిలేసినట్టు ఉంచి, ఉన్నట్టుండి ఒక్క కుదుపుతో సరిదిద్దుతాడు. బయలుదేరిన కొత్తలో అతను ఎట్లా తిప్పాడో బండి గుర్తుపెట్టుకొని, ఆ తేడాను పసిగట్టి, తెర మీద కాఫీ కప్పు బొమ్మ వేసి, చప్పుడు చేసి, ఇక ఆగమంటుంది. నేనిది చెప్పగానే నాయన చాలాసేపు ఆ గీతను చూశాడు. తర్వాత, ‘డ్రైవర్ అలిసిపోయినాడని బండే చెప్తుందా? ఆ సౌండు వెనకుండే ఓనరుకు గూడా ఇనపడుతుందా?’ అని అడిగాడు.

ఇనపడుతుందని చెప్పాను.

అప్పుడు నాకెప్పుడూ చెప్పని సంగతులు చెప్పాడు. తిరుపతినుంచి రాత్రి రెండింటికి బయలుదేరి తెల్లారేసరికి అనంతపురం చేరాలని యజమాని చెప్పి వెనక నిద్రపోయేవాడట. కళ్లు మూతలు పడుతుంటే కిటికీ అద్దం దించి చలిగాలికి ముఖం పెట్టేవాడట, సీటు పక్కన సీసాలో నీళ్లు పోసుకొని ఉంచుకొని కళ్ల మీద చల్లుకొనేవాడట. ఆగుదామని అడిగితే పని పోతుందేమోనని ఒక్కసారి కూడా అడగలేదట. కంపెనీ ప్రకటనల్లో వెనక సీటు వాలడం, తోలు, పాటల పెట్టె గురించి ఉంటుంది. లక్షలు పోసి ఈ బండి కొనేవారు వెనకనుంచి చూడని చోట, ముందు సీట్లో, నడుము ఒంపుకూ రెప్పల బరువుకూ ఇంత శ్రద్ధ పెట్టినవారెవరో ఉన్నారు. ఈ బండిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది అదే. డ్రైవరును పెట్టుకునేవారు ఆ కాఫీ కప్పు గుర్తు వెలిగినప్పుడు బండి ఆపించకపోతే మిగిలినదంతా కొన్నా కొననట్టే.

గుత్తిలో టీకి ఆగాం. లీటరుకు 17 కిలోమీటర్లకు కాస్త పైనే వచ్చినట్టు తెర చూపించింది. ఇంత బరువున్న బండికి అది మంచి లెక్కే. నేను టీ గ్లాసులు పట్టుకొని వచ్చేసరికి నాయన డ్రైవర్ సీట్లో కూర్చొని ఉన్నాడు. ఇంజను ఆగి ఉంది. తలుపు మీది సీటు బొమ్మను ఒక్కొక్క వేలితో నొక్కుతూ, వీపును నిటారుగా చేసుకొని, సీటును ముందుకు, స్టీరింగుకు చాలా దగ్గరగా జరుపుకొన్నాడు. అంబాసిడర్‌లో అందరూ అట్లాగే కూర్చునేవారు. ఎడమచెయ్యి దానంతట అదే లేచి, స్టీరింగు పక్కనున్న కడ్డీని పట్టుకొని, తనవైపుకు లాగి కిందికి దించింది. అది రెండో గేరు. ఈ బండిలో ఆ కడ్డీ ఇండికేటరు. పొద్దున నా కుడిచెయ్యి చేసిన పనినే సాయంత్రం ఆయన ఎడమచెయ్యి చేసింది. ఆయన చెయ్యి తీయలేదు, కాసేపు దాన్ని అట్లాగే పట్టుకొని ఉన్నాడు.

ఆయన టీ తాగుతుండగా నేను తలుపు మీదికి వంగి, ‘ఎమ్’ అన్న బటనూ ఆ తర్వాత 3 నంబరూ నొక్కాను. రాత్రి తాళంచెవి ఇచ్చేటప్పుడు డోన్ దగ్గర కింద పడిన గీత సంగతి, మూడో నంబరు సంగతి రెండూ బావకు చెప్పాను. గీతను బెంగళూరు పోయాక చూపిస్తానన్నాడు. మూడో నంబరును ఎవరూ మార్చకుండా తమ డ్రైవరుకు చెబుతానన్నాడు.